ఇంట్లో సేవ, ఇంటికి అద్దె: బ్రిటన్‌లో కుటుంబ సంరక్షకులకు ప్రభుత్వ సాయం
(ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

మంచాన పడిన తండ్రినో, వైకల్యంతో పుట్టిన బిడ్డనో, మతిమరుపు వ్యాధి ముదిరిన తల్లినో చూసుకోవడం కోసం ఉద్యోగం మానుకున్నవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే భత్యం గురించీ, ఆదాయం చాలని కుటుంబాలకు ఇంటి అద్దె విషయంలో ప్రభుత్వం చేసే సాయం గురించీ ఈరోజు కలిపి మాట్లాడదలచుకున్నాను. పరిపాలనలో ఇవి రెండూ వేర్వేరు పద్దులు. వాటి నిబంధనలు వేరు, దరఖాస్తులు వేరు, చాలాసార్లు కార్యాలయాలు కూడా వేరు. బతుకులో మాత్రం అవి ఒకే ఇంటి జమాఖర్చులో పక్కపక్కనే ఉంటాయి. సంరక్షణ జరిగేది ఇంట్లో. ఇల్లు నిలవాలంటే అద్దె కట్టాలి, అద్దె కట్టాలంటే సంపాదన ఉండాలి, సంపాదనకు బయటికి వెళితే మంచం మీది మనిషిని చూసేవాళ్ళు ఉండరు. ఈ చిక్కును రెండు ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క పథకం పెట్టినప్పుడు ఏమవుతుందో తెలుసుకోవడానికి బ్రిటన్ చరిత్ర బాగా ఉపయోగపడుతుంది. కుటుంబ సంరక్షకులకు అక్కడ నగదు భత్యం మొదలై ఐదు దశాబ్దాలు అయింది. దాని మంచిచెడ్డలు చట్టాల్లోనూ, కోర్టు తీర్పుల్లోనూ, పార్లమెంటు సంఘాల నివేదికల్లోనూ నమోదై ఉన్నాయి.

ఈ చరిత్రలో మొదట గుర్తు చేసుకోవలసిన పేరు మేరీ వెబ్‌స్టర్. ఆమె క్రైస్తవ మత బోధకురాలు. తల్లిదండ్రులను చూసుకోవడానికి పని వదులుకుని, తనలాంటి అవివాహిత స్త్రీల పరిస్థితి గురించి 1963లో పత్రికలకు లేఖలు రాశారు. ఆ లేఖలకు వచ్చిన స్పందన నుంచి 1965లో ఒక సంస్థ పుట్టింది. పెళ్ళి చేసుకోకుండా ఇంట్లో పెద్దవాళ్ళకు చాకిరీ చేస్తూ ఉండిపోయిన స్త్రీల కోసం పెట్టిన సంస్థ అది. నేటి కేరర్స్ యూకే అనే సంస్థకు మూలం అదే. పదేళ్ళ పోరాటం తర్వాత 1975 నాటి సామాజిక భద్రతా చట్టంలో సంరక్షకుల కోసం ఒక భత్యం చేరింది, 1976లో అమలులోకి వచ్చింది. ఇన్‌వాలిడ్ కేర్ అలవెన్స్ అని దానికి అప్పుడు పెట్టిన పేరు. 2003లో కేరర్స్ అలవెన్స్‌గా మార్చారు.

ఈ భత్యం మొదటి పదేళ్ళూ పెళ్ళయిన స్త్రీకి వర్తించలేదు. భర్తతో ఉన్నా, పెళ్ళి కాకుండా ఒక పురుషుడితో కలిసి ఉన్నా ఆమె అనర్హురాలే. పెళ్ళయిన ఆడది ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది కదా, ఆమె వదులుకున్న సంపాదన ఏముంది అన్నది దాని వెనక ఉన్న తర్కం. అదే చాకిరీ పెళ్ళయిన మగవాడు చేస్తే భత్యం వచ్చేది. జాక్వెలిన్ డ్రేక్ అనే మహిళ ఉద్యోగం చేస్తూ ఉండగా, 1984లో తీవ్ర వైకల్యం ఉన్న ఆమె తల్లి ఆమె ఇంటికి వచ్చి చేరారు. తల్లి కోసం ఆమె ఉద్యోగం మానేశారు, భత్యానికి దరఖాస్తు పెట్టారు, భర్త ఉన్నాడన్న కారణంతో అది తిరస్కరణకు గురైంది. ఆ వ్యాజ్యం యూరోపియన్ న్యాయస్థానం దాకా వెళ్ళింది. సామాజిక భద్రతలో స్త్రీ పురుషుల మధ్య వివక్ష కూడదన్న 1979 నాటి యూరోపియన్ ఆదేశానికి ఈ నిబంధన విరుద్ధమని 1986 జూన్ 24న తీర్పు వచ్చింది. ఆ తీర్పు వెలువడడానికి సరిగ్గా ఒక రోజు ముందు బ్రిటన్ ప్రభుత్వం పెళ్ళయిన స్త్రీలకూ భత్యం ఇస్తామని ప్రకటించింది.

ఈ పాత సంగతి ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఇంట్లో చేసే సేవను పనిగా లెక్కించకూడదన్న ఆలోచన 1986 తీర్పుతో పోలేదు. అది వేరే నిబంధనల్లోకి, ముఖ్యంగా అద్దె సాయానికి సంబంధించిన నిబంధనల్లోకి పాకింది. అక్కడికి కాసేపట్లో వస్తాను.

ముందు ఈ భత్యం ఎలా పనిచేస్తుందో చూద్దాం. సంరక్షకుడికి 16 ఏళ్ళు నిండాలి. వారానికి కనీసం 35 గంటలు సంరక్షణ చేస్తూ ఉండాలి. ఆయన చూసుకునే మనిషికి అటెండెన్స్ అలవెన్స్ గానీ, పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్‌లో రోజువారీ జీవనానికి ఇచ్చే భాగం గానీ, అలాంటి మరో వైకల్య భత్యం గానీ వస్తూ ఉండాలి. వారానికి 21 గంటలు, ఆపైన చదువుకునే విద్యార్థికి ఇంగ్లండ్‌లో ఇది రాదు. ఎంతమందిని చూసుకున్నా ఒక్క భత్యమే వస్తుంది. ఒకే మనిషిని ఇద్దరు పంచుకుని చూసుకున్నా ఒక్కరికే వస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి వారానికి 83.30 పౌండ్లు ఇచ్చారు. దాన్ని 35తో భాగిస్తే గంటకు 2.38 పౌండ్లు. అదే ఏప్రిల్‌లో 21 ఏళ్ళు నిండిన కార్మికుడికి చట్టప్రకారం గంటకు ఇవ్వవలసిన కనీస వేతనం 12.21 పౌండ్లు.

35 గంటలు అన్నప్పుడు చాలామంది మనసులో ఆఫీసు పని వేళలు మెదులుతాయి. పక్షవాతం వచ్చిన మనిషి ఉన్న ఇంట్లో ఆ గంటలు ఎలా గడుస్తాయో తెలిసినవాళ్ళు ఈ సభలో ఉండే ఉంటారు. ఒకే వైపు పడుకుంటే ఒంటికి పుండ్లు పడతాయి కాబట్టి రాత్రి రెండు గంటలకు ఒకసారి, తెల్లవారుజామున మరోసారి లేచి పక్కకు ఒత్తిగిలించాలి. దుప్పటి తడిస్తే మనిషిని కదలకుండా ఉంచి కిందనుంచి లాగి మార్చాలి. గొంతు పట్టేయకుండా ఒక్కొక్క చెంచాగా తినిపించాలి, మింగారో లేదో చూసి మరో చెంచా పెట్టాలి. మాత్రల డబ్బాలో ఏ పూటవి ఆ పూటకు సర్దాలి. ఈ పనుల మధ్యలో సంరక్షకుడు ఊరికే కూర్చుని ఉన్నట్టు కనిపించే సమయం కూడా కాపలా సమయమే. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2021 జనగణన ప్రకారం జీతం లేకుండా ఇలా ఇంకొకరిని చూసుకునేవాళ్ళు సుమారు 50 లక్షల మంది. కేరర్స్ అలవెన్స్ అందుకునేవాళ్ళు పది లక్షలకు అటూ ఇటూ ఉంటారు.

సంరక్షకుడు కొంత సంపాదించుకోవచ్చు, కానీ ఆ సంపాదనకు పరిమితి ఉంది. 2024–25లో అది వారానికి 151 పౌండ్లు. పన్నులు, పింఛను చందాలో సగం, పని కోసం అయిన కొన్ని ఖర్చులు తీసివేశాక మిగిలేది ఆ అంకె దాటకూడదు. ఒక్క పౌండు దాటినా ఆ వారం భత్యంలో ఒక్క పౌండు తగ్గడం కాదు, మొత్తం భత్యం పోతుంది. ఆ ఏడాది భత్యం వారానికి 81.90 పౌండ్లు. ఒక కూతురు తల్లిని చూసుకుంటూ, మిగిలిన పూటలో ఒక దుకాణంలో పనిచేస్తోందనుకుందాం. ఆమె సంపాదన వారానికి 152 పౌండ్లు. ఆ సంగతి ఏడాది తర్వాత భత్యం ఇచ్చే పని, పింఛన్ల శాఖ దృష్టికి వస్తే, పరిమితికి మించి ఆమె ఏడాది మొత్తం మీద సంపాదించింది 52 పౌండ్లు, తిరిగి కట్టవలసింది 4,258.80 పౌండ్లు. ఆమె ఎవరినీ మోసం చేయలేదు. కనీస వేతనం ఏటా పెరిగేది, భత్యానికి పెట్టిన పరిమితి ఆ పెరుగుదలకు తగ్గట్టు పెరిగేది కాదు. కాబట్టి నిరుడు నిబంధనకు లోబడిన అవే పని గంటలు ఈ ఏడాది నిబంధనను దాటేసేవి. సెలవుల జీతం కలిసి వచ్చిన నెలలోనూ, నాలుగు వారాలకొకసారి జీతం వచ్చే ఉద్యోగాల్లోనూ ఈ లెక్క మరింత తికమకగా ఉంటుంది.

ఈ వ్యవహారం 2024లో పత్రికల్లో పెద్ద ఎత్తున బయటపడింది. అప్పటికి 1,34,000 మందికి పైగా సంరక్షకులు మొత్తం 25 కోట్ల పౌండ్లకు పైగా అప్పు తిరిగి కడుతూ ఉన్నారు. కొందరిపై క్రిమినల్ కేసులు కూడా పెట్టారు. జాతీయ ఆడిట్ కార్యాలయం 2019లోనే ఈ విషయంపై విచారణ నివేదిక ఇచ్చింది. అంతకంటే బాధ కలిగించే సంగతి మరొకటి ఉంది. ఎవరి సంపాదన ఎప్పుడు పరిమితి దాటిందో పన్నుల శాఖ నుంచి పని, పింఛన్ల శాఖకు ఎప్పటికప్పుడు సమాచారం అందే ఏర్పాటు 2018 నుంచీ ఉంది. అలా అందిన హెచ్చరికల్లో దాదాపు సగం వాటినే పరిశీలించేవారు. మిగిలినవి అలా పడి ఉండేవి, అప్పు వారం వారం పేరుకుపోయేది. మొదటి నెలలోనే ఒక ఉత్తరం పంపి ఉంటే ఆ మనిషి పని గంటలు ఒకటి రెండు తగ్గించుకునేది. ఏళ్ళ తర్వాత ఉత్తరం వచ్చినప్పుడు ఆమె చేతిలో ఆ డబ్బు లేదు. అది అప్పటికే అద్దెకూ, కరెంటుకూ, తిండికీ అయిపోయింది.

వికలాంగుల హక్కుల రంగంలో చాలాకాలం పనిచేసిన లిజ్ సేస్‌ను 2024 అక్టోబరులో ఈ విషయంపై స్వతంత్ర సమీక్షకు నియమించారు. నివేదిక 2025 నవంబరులో వెలువడింది. హెచ్చుతగ్గులుగా వచ్చే జీతాన్ని సగటు కట్టే విషయంలో శాఖ తన సిబ్బందికి ఇచ్చిన సూచనలే తప్పుగా ఉన్నాయని అందులో తేలింది. ప్రభుత్వం దాన్ని అంగీకరించి, సుమారు 2 లక్షల కేసులను తిరిగి పరిశీలిస్తామని చెప్పింది. అంటే, నిబంధన అర్థం చేసుకోలేకపోయారని సంరక్షకులను ఇన్నేళ్ళు నిందించిన శాఖే ఆ నిబంధనను సరిగా అమలు చేయలేదు. ఇంతకుముందు 2024 అక్టోబరు బడ్జెట్‌లో సంపాదన పరిమితిని 196 పౌండ్లకు పెంచి, కనీస వేతనం మీద 16 గంటల పనికి సమానంగా ఉండేలా ముడిపెట్టారు. ఇది నిజంగా మంచి మార్పు. కానీ పరిమితి 151 అయినా 196 అయినా, దాటిన మరుక్షణం మొత్తం పోయే పద్ధతి మారలేదు. ఆదాయం చాలని కుటుంబాలకు నెలనెలా అందే సాయం యూనివర్సల్ క్రెడిట్. ఇదే శాఖ నడిపే ఆ పథకంలో సంపాదన పెరిగినకొద్దీ పౌండుకు 55 పెన్నీల చొప్పున సాయం క్రమంగా తగ్గుతుంది. క్రమంగా తగ్గించే లెక్క లక్షల కుటుంబాలకు ప్రతినెలా వేయగలిగిన శాఖ, సంరక్షకుల విషయంలో అది సాధ్యం కాదని చెప్పడానికి వీల్లేదు.

ఇక పేద సంరక్షకుల పరిస్థితి చూద్దాం. అద్దె కట్టుకోలేని కుటుంబం యూనివర్సల్ క్రెడిట్ మీద ఆధారపడుతుంది. ఇంటి ఖర్చుల సాయం కూడా ఇప్పుడు అందులోనే ఒక భాగం. సంరక్షకుడు అక్కడికి వెళ్ళినప్పుడు, ఆయనకు వచ్చే కేరర్స్ అలవెన్స్‌ను ఆదాయంగా లెక్కకట్టి, పౌండుకు పౌండు చొప్పున అందులోంచి తీసేస్తారు. 2025–26 లెక్కల్లో నెలకు సుమారు 361 పౌండ్లు ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకుంటారు. దానికి బదులుగా సంరక్షణ కోసం 201.68 పౌండ్లు కలుపుతారు. అద్దె సాయం మీద బతికే సంరక్షకుడికి చివరికి మిగిలే లాభం అదే. నెలకు సుమారు 152 గంటల సేవకు దాన్ని పంచితే గంటకు 1.33 పౌండ్లు. ఏ ఆధారమూ లేని సంరక్షకుడికి, భార్య లేక భర్త బాగా సంపాదిస్తున్న సంరక్షకుడి కంటే ఈ భత్యం వల్ల తక్కువ మిగులుతుంది. కుటుంబ ఆదాయంతో నిమిత్తం లేని భత్యాన్ని కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయంతో కలిపినప్పుడు వచ్చే ఫలితం ఇది. రెండింటినీ రూపొందించినవాళ్ళలో ఎవరూ దీన్ని కోరుకుని ఉండరు, అయినా ఎవరూ సరిచేయలేదు.

ఇంకో మెలిక కూడా ఉంది. ఒంటరిగా ఉండే తీవ్ర వైకల్యం గల వృద్ధురాలికి, ఆదాయం చాలని వృద్ధులకు ఇచ్చే పెన్షన్ క్రెడిట్‌లో అదనంగా కొంత మొత్తం వస్తుంది. 2025–26లో అది వారానికి 82.90 పౌండ్లు. ఆమెను చూసుకుంటున్నందుకు ఎవరైనా కేరర్స్ అలవెన్స్ తీసుకుంటే ఆ అదనపు మొత్తం ఆగిపోతుంది. కొడుకు 83.30 తీసుకుంటే తల్లి 82.90 పోగొట్టుకుంటుంది. ఇద్దరికీ కలిపి మిగిలేది 40 పెన్నీలు. సలహా కేంద్రాల్లో పనిచేసేవాళ్ళు ఫారం నింపే ముందే ఈ విషయం అడిగి తెలుసుకుంటారు. తెలియక సొంతంగా దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళకు తల్లి పేర ఉత్తరం వచ్చాకే తెలుస్తుంది.

ఇప్పుడు అద్దె సంగతి. ప్రైవేటు యజమాని దగ్గర అద్దెకు ఉండేవాళ్ళకు లోకల్ హౌసింగ్ అలవెన్స్ అనే గరిష్ఠ పరిమితి ఉంటుంది. ఒక ప్రాంతంలో ఒక పరిమాణం గల ఇళ్ళను అద్దె తక్కువ నుంచి ఎక్కువకు వరుసలో పెడితే, మొదట్లో సరిగ్గా మధ్యన ఉన్న ఇంటి అద్దె వరకూ సాయం ఇచ్చేవారు. 2011 నుంచి నూటికి ముప్పయ్యో ఇంటి అద్దె వరకే ఇస్తున్నారు. ఆ అంకెను కూడా ఏటా సవరించరు. 2016 నుంచి 2020 దాకా కదలకుండా ఉంచి, 2020లో ఒకసారి పెంచి, మళ్ళీ 2024 దాకా ఆపి, 2024లో పెంచి, 2025లో మళ్ళీ ఆపేశారు. అద్దెలు మాత్రం ఆగవు. ఈ తేడా సొమ్ము సంరక్షకుడు ఎక్కడినుంచి తెస్తాడు? పని గంటలు పెంచుకుందామంటే భత్యం పోతుంది. చౌకైన ఊరికి మారదామంటే తల్లి ఇంటికి రోజూ వచ్చి వెళ్ళడం కుదరదు. పైగా 35 ఏళ్ళ లోపు ఒంటరివాళ్ళకు, 2012 నుంచి, నలుగురితో కలిసి ఉండే ఇంట్లో ఒక గదికి అయ్యే అద్దె మేరకే సాయం అందుతుంది. దీనికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ, మరొకరిని చూసుకుంటున్నందుకు మాత్రం మినహాయింపు లేదు.

ఇందాక వాయిదా వేసిన విషయం ఇక్కడ వస్తుంది. 2013లో ఒక కుటుంబానికి అందే మొత్తం సాయానికి పైపరిమితి విధించారు. కుటుంబానికి ఏడాదికి 26,000 పౌండ్లు. పరిమితి దాటితే కోత పడేది ముందుగా ఇంటి అద్దె సాయంలోనే. పనిలేని కుటుంబాలు పనిచేసేవాళ్ళ సగటు సంపాదన కంటే ఎక్కువ పొందకూడదన్నది ప్రభుత్వ వాదన. పని చూసుకుంటే పరిమితి తొలగుతుంది. ఇంట్లోనే ఉన్న భార్యనో, భర్తనో, వైకల్యం ఉన్న చిన్న బిడ్డనో చూసుకునేవారికి దీని నుంచి మినహాయింపు ఉండేది. ఎదిగిన బంధువును, ఉదాహరణకు వేరే కుటుంబంగా లెక్కకు వచ్చే అవ్వను చూసుకునేవారికి ఉండేది కాదు. అవ్వను చూసుకుంటున్న ఒక మనవరాలి తరఫున ఈ విషయం హైకోర్టుకు వెళ్ళింది. 2015 నవంబరులో జస్టిస్ కాలిన్స్ ఆమె పక్షాన తీర్పు ఇచ్చారు. వారానికి 35 గంటలకు తగ్గకుండా సంరక్షణ చేస్తున్న ఇంటిని పనిలేని కుటుంబం అనడం నొప్పించే మాట అన్న అభిప్రాయం ఆ తీర్పులో ఉంది. ఆమె ఆ సేవ మానేసి ఉద్యోగానికి పోతే, ఆ వృద్ధురాలి సంరక్షణకు ప్రజల సొమ్ము అంతకంటే ఎక్కువే ఖర్చవుతుంది. 2016 నవంబరు నుంచి కేరర్స్ అలవెన్స్ పొందేవారందరినీ ఆ పరిమితి నుంచి మినహాయించారు. పెళ్ళయిన స్త్రీ ఎలాగూ ఇంట్లోనే ఉంటుందన్న 1976 నాటి ఆలోచనకూ, సంరక్షకురాలు పనిలేనిదన్న 2013 నాటి ఆలోచనకూ మధ్య నాకు పెద్ద తేడా కనిపించదు. రెండింటినీ న్యాయస్థానాలే సరిచేయవలసి వచ్చింది.

గదుల లెక్క మరో ఉదాహరణ. కౌన్సిల్ అంటే స్థానిక ప్రభుత్వ సంస్థ అద్దెకు ఇచ్చే ఇళ్ళలోనూ, లాభాపేక్ష లేని హౌసింగ్ అసోసియేషన్ల ఇళ్ళలోనూ ఉండే పనివయసు వారికి, కుటుంబ అవసరానికి మించి ఒక పడకగది ఉంటే సాయానికి లెక్కలోకి తీసుకునే అద్దెలో నూటికి 14 వంతులు, రెండు లేక అంతకంటే ఎక్కువ ఉంటే 25 వంతులు 2013 ఏప్రిల్ నుంచి కోత పెట్టారు. జనం దీన్ని పడకగది పన్ను అని పిలిచారు. అనారోగ్యం ఉన్న ఇంట్లో అదనపు గది అంటే ఏమిటో ఆ ఇంటికి వెళ్ళి చూస్తే తెలుస్తుంది. అక్కడ మనిషిని మంచం మీదనుంచి లేపే యంత్రం ఉంటుంది, చక్రాల కుర్చీ ఉంటుంది, డైపర్ల పెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉంటాయి, రాత్రి కాపలా ఉండడానికి వచ్చే మనిషి నడుం వాల్చే మంచం ఉంటుంది. నిబంధనలు దీన్ని ఎంత వింతగా చూశాయంటే, రాత్రిపూట సహాయకులు అవసరమైన పెద్దవాళ్ళకు అదనపు గది ఒప్పుకున్నాయి, అదే అవసరం ఉన్న పిల్లలకు ఒప్పుకోలేదు. వైకల్యం వల్ల మరొకరితో గది పంచుకోలేని పిల్లలకు గది ఒప్పుకున్నాయి, అదే కారణంతో భర్తతో గది పంచుకోలేని భార్యకు ఒప్పుకోలేదు.

వేల్స్‌లోని పెంబ్రోక్‌షైర్‌లో తీవ్ర వైకల్యం ఉన్న మనవణ్ణి పెంచుతున్న దంపతులు మొదటి రకం అన్యాయం మీదా, వెన్నుపూస లోపంతో పుట్టి ప్రత్యేక మంచం మీద పడుకునే ఒక మహిళ రెండవ రకం అన్యాయం మీదా వేసిన కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. 2016 నవంబరు 9న న్యాయస్థానం వాళ్ళిద్దరి పక్షానా తీర్పు చెప్పింది. ఈ తేడాకు సహేతుకమైన కారణమే లేదన్నది. 2017 ఏప్రిల్ నుంచి నిబంధనలు మారాయి. అయితే ఆ కేసుల్లో ప్రభుత్వం చేసిన వాదనను మనం మరిచిపోకూడదు. గది సాయం చట్టంలో లేకపోయినా, కౌన్సిల్ తన విచక్షణతో ఇచ్చే డబ్బు ఉంది కదా, దాంతో ఆ లోటు తీరుతుంది కదా అన్నది ఆ వాదన.

డిస్క్రిషనరీ హౌసింగ్ పేమెంట్ పేరుతో 2001 నుంచి కౌన్సిళ్ళు ఇలాంటి సాయం ఇచ్చాయి. అద్దెకూ అందే సాయానికీ మధ్య మిగిలిన లోటు పూడ్చడానికి ఇది చాలా ఇళ్ళను నిలబెట్టింది, అందులో సందేహం లేదు. స్కాట్లండ్‌లో ఈ మార్గంలోనే పడకగది కోతను మొత్తం భర్తీ చేశారు. ఇంగ్లండ్‌లో 2026 ఏప్రిల్ నుంచి దీన్ని, 2021లో మొదలైన హౌస్‌హోల్డ్ సపోర్ట్ ఫండ్‌తో కలిపి, క్రైసిస్ అండ్ రెజీలియెన్స్ ఫండ్ అనే ఒకే నిధిగా మార్చారు. కానీ విచక్షణతో ఇచ్చేదానికీ హక్కుగా వచ్చేదానికీ ఉన్న తేడా, మంచాన ఉన్న మనిషికి రేపు ఏమవుతుందో తెలియాల్సిన కుటుంబానికి చాలా పెద్దది. విచక్షణ సాయం సాధారణంగా కొన్ని నెలలకే ఇస్తారు, మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి, బ్యాంకు కాగితాలు మళ్ళీ చూపాలి, ఏడాది చివర నిధి అయిపోతే లేదనిపించుకోవాలి. వైకల్యం మాత్రం ఆరు నెలలకొకసారి తగ్గిపోయి మళ్ళీ రాదు కదా! శాశ్వతమైన అవసరానికి తాత్కాలికమైన సాయం చూపి, నిబంధనలోని లోపాన్ని సమర్థించుకోవడం న్యాయం కాదు.

స్కాట్లండ్ గురించి ఒక మాట. సంరక్షకుల భత్యం అక్కడ స్కాటిష్ ప్రభుత్వం చేతికి వచ్చాక, 2018 నుంచి ఏటా రెండుసార్లు అదనపు మొత్తం ఇస్తూ వచ్చారు. 2023 నవంబరులో మూడు ప్రాంతాల్లో మొదలై, 2024 నవంబరుకు అంతటా విస్తరించిన కేరర్ సపోర్ట్ పేమెంట్‌లో పూర్తికాలం చదువుకునే చాలామందికి కూడా అర్హత ఇచ్చారు. తల్లిని చూసుకుంటున్నందుకు ఒక యువతి చదువు మానుకోవలసిన అవసరం లేకుండా చేసిన మార్పు అది. ఇంగ్లండ్ దాన్ని ఇంకా అందుకోలేదు.

చివరగా, నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టే విషయానికి వస్తాను. సంరక్షకుడి భత్యం ఆయన సొంత హక్కు మీద ఆధారపడినది కాదు, మరొకరి అనారోగ్యం మీద ఆధారపడినది. ఆ మనిషి 28 రోజులు మించి ప్రభుత్వ ఆసుపత్రిలో ఉంటే ఆమె వైకల్య భత్యం ఆగుతుంది, దానితోపాటు సంరక్షకుడి భత్యమూ ఆగుతుంది. ఆ రోజుల్లో అతను రోజూ ఆసుపత్రికి వెళ్ళి తినిపించి వస్తున్నా సరే. ఆ మనిషి చనిపోతే ఎనిమిది వారాల తర్వాత భత్యం ఆగిపోతుంది. యూనివర్సల్ క్రెడిట్‌లోని సంరక్షణ భాగం ఆ నెలా, తర్వాతి రెండు నెలలూ వస్తుంది. పన్నెండేళ్ళు, పదిహేనేళ్ళు ఉద్యోగానికి దూరంగా ఉండి, యాభై ఐదో ఏట తల్లిని పోగొట్టుకున్న కొడుకు ఎనిమిది వారాల్లో దుఃఖం నుంచి తేరుకుని, ఉద్యోగం వెతుక్కుని, కొత్త జీతం చూడాలని ఈ నిబంధన ఆశిస్తోంది.

అదే సమయంలో ఇల్లు కూడా చేజారే ప్రమాదం ఉంది. ఇల్లు తల్లి పేర ఉన్న కౌన్సిల్ ఇల్లు అనుకుందాం. కొడుకు తన అద్దె గది వదులుకుని, ఆమెను చూసుకోవడానికి వచ్చి చేరాడు. ఇంగ్లండ్‌లో 2012 ఏప్రిల్ 1కి ముందు ఇచ్చిన ఇళ్ళలోనైతే, ఏడాది పాటు కలిసి ఉన్న కుటుంబ సభ్యుడికి ఆ ఇల్లు సంక్రమించే అవకాశం చట్టంలో ఉంది. ఆ తేదీ తర్వాత ఇచ్చిన ఇళ్ళలో, 2011 నాటి లోకలిజం చట్టం వల్ల, ఆ హక్కు భార్యకు, భర్తకు, కలిసి బతికే భాగస్వామికి మాత్రమే మిగిలింది. కొడుకుకూ కూతురికీ చట్టప్రకారం లేదు. పాత పద్ధతిలో ఇల్లు సంక్రమించినా, అది అతని అవసరానికి మించి పెద్దదైతే, మరణం తర్వాత ఆరు నెలలు దాటాక, ఏడాది లోపు కౌన్సిల్ దాన్ని తిరిగి తీసుకోవడానికి కోర్టుకు వెళ్ళవచ్చు. అయితే అలా వెళ్ళినప్పుడు కోర్టు కొన్ని విషయాలు చూడాలని 1985 నాటి హౌసింగ్ చట్టమే చెబుతోంది. అతని వయసు ఎంత, ఆ ఇంట్లో ఎంతకాలంగా ఉంటున్నాడు, చనిపోయిన కిరాయిదారుకు అతను డబ్బు రూపంలో గానీ మరో విధంగా గానీ ఏ తోడ్పాటు ఇచ్చాడు అన్నవి అందులో ఉన్నాయి.

మరో విధంగా అన్న ఆ రెండు మాటల్లో రాత్రుళ్ళు లేచి ఒత్తిగిలించడం, దుప్పట్లు మార్చడం, చెంచాతో తినిపించడం అన్నీ ఇమిడి ఉన్నాయి. గృహ చట్టం సంరక్షణను గుర్తించిన చోటు నాకు తెలిసి ఇది ఒకటి. కానీ ఆ గుర్తింపు ఇల్లు ఖాళీ చేయించే కేసు నడిచేటప్పుడే, అదీ పాత కిరాయిదారుల వారసులకే అక్కరకు వస్తోంది. నేను కోరేదేమిటంటే, కేరర్స్ అలవెన్స్ మీద ఉన్న మనిషి ఏడాదికి తగ్గకుండా ఆ ఇంట్లోనే ఉండి సేవ చేసి ఉంటే, ఇల్లు ఎప్పుడు ఇచ్చినదైనా సరే, ఆ ఇంట్లోగానీ అవసరానికి సరిపడే మరో ఇంట్లోగానీ అతనికి కిరాయి హక్కు ఉండాలి, భత్యం కూడా ఎనిమిది వారాలకు బదులు కనీసం ఆరు నెలలు కొనసాగాలి. భత్యం గడువు పొడిగించడానికి ప్రభుత్వం నిబంధన మార్చాలి. ఇంటి విషయంలో అంతవరకూ ఆగనక్కరలేదు. భాగస్వామి కాని కుటుంబ సభ్యుడికి కూడా ఇల్లు సంక్రమించేలా ఒప్పంద పత్రంలో రాసుకునే వీలును 2011 చట్టం కౌన్సిళ్ళకు వదిలిపెట్టింది. సంరక్షకుల కోసం ఆ క్లాజు తమ ఒప్పందాల్లో చేర్చమని ఏ కౌన్సిల్ సభ్యుణ్ణి అయినా, ఏ కిరాయిదారుల సంఘమైనా రేపే అడగవచ్చు.

ఓపికగా విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు.